ఐదో లెవెల్ పనితనం

కింది బార్ ముందు నిలబడ్డ ఎనిమిదేళ్ల పాప చిన్నగా ఎగిరి బార్ పట్టుకుంటుంది. ఒళ్లంతా చాచి, పాదాలు పరుపును తాకీ తాకనట్టుగా ముందుకు జారుతుంది. జారుడు చివరంచుకు చేరగానే నడుము దగ్గర మడిచి చీలమండలను బార్ దగ్గరికి తెస్తుంది. ఒళ్లు వెనక్కి ఊగుతుండగా బార్‌ను ఒంటికి ఆనించుకుంటూ చీలమండల నుంచి మోకాళ్ల మీదుగా తొడల దాకా తెచ్చుకుంటుంది. మోచేయి వంచకుండా చేతులతో బార్‌ను కిందికి నొక్కుతుంది. మరుక్షణం ఆమె బార్ పైన, నిటారు చేతుల మీద ఉంటుంది. జిమ్నాస్టిక్స్‌లో దీన్ని కిప్ అంటారు. చేయడానికి రెండు మూడు సెకన్లు చాలు, నేర్వడానికి నెలలు పడుతుంది.

కిప్‌లో బలం కన్నా అదను ముఖ్యం. కాళ్లు ముందే మడిస్తే ఊపు పోతుంది, ఆలస్యంగా మడిస్తే ఒళ్లు బార్ కిందే ఉండిపోతుంది. చేతుల్లో సత్తువ ఉన్న పిల్ల అదను తప్పినా మోచేతులు వంచి ఎలాగో పైకి ఎక్కేస్తుంది. వంగిన చేతులకు జడ్జి 0.30 దాకా కోస్తారు. అసలు నష్టం ఆ కోతలో లేదు. నిటారు చేతులతో పైకి వచ్చిన పిల్ల అదే ఊపుతో కాళ్లను వెనక్కి విసిరి, ఒంటిని బార్ నుంచి లేపి, కాస్ట్ అనే కదలికలోకి వెళ్లగలదు. ఎగబాకి వచ్చిన పిల్ల ముందు ఆగి సర్దుకోవాలి. మొదటి పిల్ల కిప్ తర్వాతి కదలికకు దారి ఇస్తుంది, రెండో పిల్ల కిప్ అక్కడితో ఆగిపోతుంది. ఒక లెవెల్‌ను వదిలి పై లెవెల్‌కు వెళ్లవచ్చా అన్న ప్రశ్నకు జవాబు ఇలాంటి చోటే మొదలవుతుంది.

ఈ ప్రశ్న అమెరికా జిమ్ముల్లో రోజూ వినిపించేదే. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో బిడ్డను జిమ్నాస్టిక్స్‌లో చేర్పించిన తెలుగు తల్లిదండ్రులు కూడా ఒక సీజన్ ముగిశాక దీన్ని ఎదుర్కొంటారు. "మీ అమ్మాయిని నాలుగు నుంచి నేరుగా ఆరుకు పంపుదామనుకుంటున్నాం" అని కోచ్ అంటారు. సంతోషించాలో, భయపడాలో వాళ్లకు తోచదు. జవాబు వెతకాలంటే ఆ లెవెల్స్ ఎలా కట్టారో ముందు చూడాలి. అది చూసి తీరవలసిన పనితనం.

యూఎస్ఏ జిమ్నాస్టిక్స్ సంస్థ బాలికల కోసం నడిపే డెవలప్‌మెంట్ ప్రోగ్రాంలో 10 లెవెల్స్ ఉంటాయి, ఆ పైన ఎలీట్. 1 నుంచి 5 దాకా కంపల్సరీ. దేశమంతటా ఆ లెవెల్ పిల్లలందరూ ఒకే వరసలో అవే కదలికలు చేస్తారు. ఫ్లోర్ మీద వినిపించే సంగీతం కూడా అందరికీ ఒకటే. 6 నుంచి 10 దాకా ఆప్షనల్, అక్కడ నిర్ణీత అవసరాలు తీరుస్తూ ఎవరి రొటీన్ వాళ్లు కూర్చుకోవచ్చు. వాల్ట్, బార్స్, బీమ్, ఫ్లోర్ ఒక్కోటి 10 పాయింట్లకు, నాలుగూ కలిపి 40కి. పైకి వెళ్లడానికి కనీస వయసులు, నిర్ణీత స్కోర్లు ఉన్నాయి. మన దేశంలో సబ్ జూనియర్, జూనియర్, సీనియర్ అంటూ వయసును బట్టి విభజిస్తారు. అక్కడ మాత్రం చేయగలిగిన పనిని బట్టి మెట్టు.

కంపల్సరీ రొటీన్లను కర్ణాటక సంగీతంలోని సరళీ స్వరాలతో పోల్చవచ్చు. వాటిని ఎవరూ కచేరీలో పాడరు, కానీ కచేరీలో వినిపించేదంతా వాటి మీదే నిలుస్తుంది. ప్రతి కంపల్సరీ కదలికలోనూ రెండు మూడేళ్ల తర్వాత రావలసిన మరో కదలిక బీజరూపంలో ఉంటుంది. అందుకు అయిదో లెవెల్ బార్స్ రొటీన్ చక్కని ఉదాహరణ.

అందులో క్లియర్ హిప్ సర్కిల్ ఉంది. కాస్ట్ నుంచి భుజాలు వెనక్కి వాల్చి, తొడలు బార్‌కు తగలకుండా ఒళ్లంతా దాని చుట్టూ ఒక్కసారి తిరగాలి. కింది లెవెల్స్‌లో చేసే బ్యాక్ హిప్ సర్కిల్‌లో నడుము బార్‌కు ఆనుకుని ఉంటుంది, పిల్లకు ఆసరా దొరుకుతుంది. అయిదో లెవెల్ ఆ ఆసరాను తీసేస్తుంది. నడుమును బార్‌కు దూరంగా నిలిపేది భుజాల నొక్కుడు, పొట్ట బిగువు మాత్రమే. ఈ లెవెల్‌లో ఒళ్లు మరీ ఎత్తుకు లేవనక్కర్లేదు. అదే కదలికను భుజాలు తెరుస్తూ హ్యాండ్‌స్టాండ్ దాకా తీసుకెళ్తే పై లెవెల్స్‌లో విలువైన ఎలిమెంట్ అవుతుంది. కొత్తగా కలిసేది ఎత్తు ఒక్కటే, ఆకారం అదే.

పై బార్ మీద ట్యాప్ స్వింగ్, దాని చివర ఫ్లైఅవే కూడా ఈ రొటీన్‌లోవే. వేలాడుతూ ఊగేటప్పుడు బార్ కిందికి వచ్చేసరికి ఒళ్లు కాస్త విల్లులా వంగాలి, వెంటనే పాదాలను ముందుకు కొట్టి ఛాతీని లోపలికి తీసుకోవాలి. ఆ కొట్టుడే ట్యాప్. అది సరిగ్గా పడితే ఊపు పైకి లేస్తుంది, అప్పుడు చేతులు వదిలి గాలిలో వెనక్కి పల్టీ కొట్టి దిగాలి. వదలడంలో తొందరపడితే ఒళ్లు దూరంగా, తక్కువ ఎత్తులో పోయి పల్టీ పూర్తి కాదు. ఆలస్యమైతే ఒళ్లు బార్ మీదికే వస్తుంది. ఎప్పుడు వదలాలో చేతులకు తెలియడమే ఇక్కడ నేర్చే విద్య. అదే ట్యాప్‌తో, చేతులు వదలకుండా, నిటారుగా బార్ చుట్టూ పూర్తిగా తిరిగితే జెయింట్. ఆప్షనల్ లెవెల్స్ పైకి వెళ్లేకొద్దీ బార్స్ రొటీన్లన్నిటికీ వెన్నెముక జెయింటే. పిల్ల జెయింట్ పేరు కూడా విననప్పుడే అయిదో లెవెల్ ఆమెకు అందులో సగం నేర్పేస్తుంది. ఈ రొటీన్‌ను కూర్చినవాళ్ల దూరదృష్టికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంత పని ఉన్న లెవెల్‌నే చాలా క్లబ్బులు దాటిస్తాయి. నిబంధనలు అందుకు ఒప్పుకుంటాయి. అయిదో లెవెల్‌లో ఒక్క పోటీ ఆడి అవసరమైన స్కోరు తెచ్చుకుంటే మిగతా సీజన్ ఆరులో ఆడవచ్చు. దీన్నే స్కోర్ అవుట్ అంటారు. ఇందుకు గట్టి కారణాలే ఉన్నాయి. కంపల్సరీ అంటే సీజనంతా ఒకే రొటీన్‌ను మెరుగుపెట్టడం, చేతి వేళ్లు ఏ వైపు చూడాలో కూడా అందులో రాసి ఉంటుంది. ఆ సమయంలో కొత్త విద్యలు నేర్పాలని కొందరు కోచ్‌లు అనుకుంటారు. ఆరో లెవెల్‌లో పిల్ల తన బలానికి తగిన కదలికలు ఎంచుకోవచ్చు, తన సంగీతానికి తాను ఆడవచ్చు. దానితో ఉత్సాహం రెట్టింపయ్యే పిల్లలున్నారు. కాబట్టి దాటించడం తప్పు కాదు. పోటీని దాటించినా పనిని దాటించకూడదు, అంతే. క్లియర్ హిప్, ట్యాప్, ఫ్లైఅవే జిమ్‌లో రోజూ సాగుతూనే ఉండాలి.

మంచి కోచ్ ఈ నిర్ణయం తీసుకునే తీరులోనూ పనితనం ఉంది. ఆ కోచ్ స్కోరు చూస్తారు కానీ అక్కడ ఆగరు. ఇద్దరు పిల్లలకూ నాలుగో లెవెల్ బార్స్ మీద 9.2 వచ్చిందనుకుందాం. ఒకరి కోతలన్నీ చాచని పాదాలకు, దిగాక వేసిన అడుగుకు. మరొకరివి వంగిన మోచేతులకు. అంకె ఒకటే, అర్థాలు వేరు. మొదటిది మెరుగు లోపం, రెండోది పునాది లోపం. మొదటి పిల్ల పైకి వెళ్లినా పాదాలు సరిదిద్దుకోగలదు. రెండో పిల్లను పైకి పంపితే వంగిన మోచేతుల మీదే జెయింట్ కట్టవలసి వస్తుంది.

తర్వాత చూసేది నిలకడ. ఒంట్లో బాగున్న రోజున ఒకసారి చేసినది లెక్కలోకి రాదు. అలసిన రోజున, సాధన చివరి అరగంటలో, వరసగా అదే ఆకారంలో వస్తోందా అని చూస్తారు. పై లెవెల్ విద్యలను మెత్తటి గుంటలోనో, కోచ్ చేయి ఆసరాతోనో చేయడం వేరు, పోటీ పరుపు మీద ఒంటరిగా చేయడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని నిజాయతీగా కొలవగలిగినవారే మంచి కోచ్.

ఆ పైన ఒళ్లు. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఉండే గ్రోత్ ప్లేట్లు మెత్తగా ఉంటాయి. చేతుల మీద బరువు మోసే ఈ ఆటలో మణికట్టు దగ్గరి ప్లేట్ దెబ్బతినడం ఎంత మామూలంటే, దానికి జిమ్నాస్ట్ రిస్ట్ అని పేరే వచ్చింది. మడమల నొప్పి, నడుము నొప్పి కూడా తరచుగా వస్తాయి. పై లెవెల్ అంటే ఎక్కువ ఎత్తు నుంచి దిగడాలు, ఎక్కువ గంటల సాధన. ఒక్కసారిగా పొడుగు పెరుగుతున్న సంవత్సరంలో పిల్లకు నిన్నటి దాకా వచ్చిన ట్యాప్ కూడా తప్పుతుంది, ఎందుకంటే కాళ్లు పొడుగయ్యాయి, అదను మారింది. ఆ ఏడాది ఉన్న లెవెల్‌లోనే నిలవడం వెనకబడటం కాదు.

భయాన్ని కూడా తూచాలి. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, పూర్తి ఎత్తు 125 సెంటీమీటర్లు. దాని మీద వెనక్కి బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ వేయాలంటే, చూపుకు అందని చోట బీమ్ ఉంటుందని చేతులు నమ్మాలి. ఆ నమ్మకం వేలసార్ల పునరావృతి నుంచి వస్తుంది, ఉపదేశాల నుంచి రాదు. తొందరపెట్టిన పిల్లల్లో అది ఒకసారి చెదిరితే, నిన్న చేసిన విద్యను ఇవాళ మొదలుపెట్టలేక నిలబడిపోతారు. జారిన కిప్‌ను దిద్దడం కన్నా జారిన నమ్మకాన్ని నిలపడం చాలా కష్టం.

నాలుగు నుంచి ఆరుకు దాటడం ఒక ఎత్తు, ఏడు నుంచి తొమ్మిదికి దాటాలనుకోవడం మరో ఎత్తు. పైకి వెళ్లేకొద్దీ ప్రతి లెవెల్‌లోనూ తప్పితే గాయపరిచే కదలికలు పెరుగుతాయి. అనుభవజ్ఞులైన కోచ్‌లు ఈ మధ్య లెవెల్స్‌లో మరో దారి పడతారు. పోటీలో ఉన్న లెవెల్‌నే ఆడిస్తారు, సాధనలో పై లెవెల్ విద్యలు నేర్పుతారు. జిమ్ముల్లో దీన్ని అప్‌ట్రైనింగ్ అంటారు. పోటీ నాడు పిల్ల తనకు పూర్తిగా పట్టుబడినదే చేస్తుంది కనుక జడ్జీల ముందు నిలవడం హాయిగా నేర్చుకుంటుంది. సాధనలో మాత్రం ఎదుగుదల ఆగదు.

తొందరకు బహుమతి లేదని ఈ ఆట చరిత్రే చెబుతోంది. ఒలింపిక్స్‌లో ఆడే ఏడాది ముగిసేలోగా అమ్మాయికి 16 నిండాలన్న నియమం 1997 నుంచి ఉంది. అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ 2016 రియోలో నాలుగు స్వర్ణాలు గెలిచినప్పుడు 19 ఏళ్లది, 2024 పారిస్‌లో మళ్లీ ఆల్‌రౌండ్ స్వర్ణం గెలిచినప్పుడు 27. చదునైన పాదాలతో ఆట మొదలుపెట్టి, కోచ్ బిశ్వేశ్వర్ నంది దగ్గర ఏళ్ల తరబడి వాటిని దిద్దుకున్న భారత జిమ్నాస్ట్ దీపా కర్మాకర్, రియో వాల్ట్ ఫైనల్‌లో 15.066తో నాలుగో స్థానంలో నిలిచేనాటికి 23 ఏళ్లది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ మీద కంచు గెలిచి, ప్రపంచ కప్ వ్యక్తిగత పతకం సాధించిన తొలి భారతీయ జిమ్నాస్ట్ అయిన మన హైదరాబాదీ అరుణా రెడ్డికి అప్పుడు 22. ఎనిమిదేళ్ల వయసులో ఆదా అయిన ఒక సీజన్ వీరెవరి కథలోనూ నిర్ణాయకం కాదు. చిన్నప్పుడు గట్టిపడిన ఆకారాలు మాత్రం ప్రతి కథలోనూ ఉన్నాయి.

కాబట్టి కోచ్ దాటిద్దామన్నప్పుడు తల్లిదండ్రులు అడగవలసినవి కొన్నే. వదిలేసే లెవెల్‌లోని విద్యలు సాధనలో ఎప్పుడు, ఎలా వస్తాయి? ఇప్పటి కోతలు మెరుగు లోపాలా, పునాది లోపాలా? పై లెవెల్ విద్యలు పోటీ పరుపు మీద, ఆసరా లేకుండా వస్తున్నాయా? ఎక్కడైనా నొప్పి ఉందా? పాప ఏమంటోంది? వీటికి సూటిగా జవాబు చెప్పే కోచ్ దాటించమంటే నిశ్చింతగా దాటించవచ్చు, ఆగమంటే అంతే నిశ్చింతగా ఆగవచ్చు. జవాబుకు బదులు పక్క క్లబ్ పిల్లల పేర్లు వినిపిస్తే మాత్రం ఆ ఏడాది అయిదో లెవెల్ ఆడించడమే మేలు. దాన్ని కూర్చినవాళ్లు అంత శ్రద్ధగా కూర్చారు.