ఆరడుగుల కంచె

పెంపుడు కుక్క ఇంట్లో ఉన్నంతసేపు ఒక కుటుంబానికి చెందినదే గాని, గేటు దాటి వీధిలోకి వచ్చిన తరువాత దాని నడవడి ఎదురుపడిన ప్రతివారికీ సంబంధించిన విషయమవుతుంది. ఆ ఎదురుపడేవారిలో కుక్కలంటే ప్రాణం పెట్టేవారు ఉన్నట్టే, చిన్నప్పుడెప్పుడో కాటు తిని ఇప్పటికీ మొరుగు వింటే రోడ్డు దాటి అవతలికి పోయేవారూ ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వంటి కిక్కిరిసిన ప్రాంతాల్లో ఈ ఇద్దరికీ నడవడానికి ఉన్నది ఒకే దారి కాబట్టి, కుక్కను బయట తిప్పడం ఇక్కడ పనిగట్టుకుని నేర్చుకోవలసిన విద్య.

ఈ విద్యకు చట్టం రెండు హద్దులు గీసింది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ఎప్పుడూ కట్టేసి గాని ఇరుకు చోట బంధించి గాని ఉంచే కుక్కకు తగినంత వ్యాయామం కల్పించకుండా అశ్రద్ధ చేయడం క్రూరత్వం కిందికే వస్తుంది. అంటే బాల్కనీ చువ్వకు రోజంతా కట్టి ఉంచిన కుక్కకు వేళకు అన్నం పెడుతున్నంత మాత్రాన యజమాని బాధ్యత తీరిపోదు. మరోవైపు 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 291వ సెక్షన్, తన అధీనంలోని జంతువు వల్ల మనుషులకు ప్రాణాపాయం గాని తీవ్ర గాయం గాని కలగకుండా తగిన జాగ్రత్త తీసుకోని వ్యక్తికి ఆరు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని చెబుతుంది. కుక్కను తిప్పకపోవడం ఒక తప్పు, తిప్పేటప్పుడు ఏమరుపాటుగా ఉండడం మరొక తప్పు.

ఈ రెండు బాధ్యతలనూ ఒకేచోట తీర్చే ఏర్పాటు గొలుసు విప్పే పార్కు, అంటే చుట్టూ కంచె వేసి లోపల కుక్కలను స్వేచ్ఛగా పరుగెత్తనిచ్చే స్థలం. గ్రేటర్ హైదరాబాద్ మహానగరపాలక సంస్థ 2018లో కొండాపూర్‌లో సుమారు 1.3 ఎకరాల్లో, కోటి రూపాయలకు పైగా వెచ్చించి, కుక్కల కోసమే అటువంటి పార్కును తెరిచింది. అయితే కొండాపూర్ నగరానికి పడమటి వైపు, ఎల్బీనగర్ తూర్పు వైపు. నడుమ ఊరంతా ఉంది. కాబట్టి చైతన్యపురిలోనో, కర్మన్‌ఘాట్‌లోనో, వనస్థలిపురంలోనో ఉన్న కుక్కకు రోజువారీ మైదానం తన కాలనీ సందు, లేదా నడకకు వచ్చే పెద్దల కోసం, ఉయ్యాల ఊగే పిల్లల కోసం కట్టిన కాలనీ పార్కు. అక్కడ కుక్కకూ మనుషులకూ మధ్య కంచె ఉండదు గనుక, యజమాని చేతిలోని ఆరడుగుల తాడే కంచె పని చేయాలి. మెడకు చుట్టే పట్టెడనూ, దానికి తగిలించే తాడునూ కలిపి ఈ ప్రాంతంలో బెల్టు అనే అంటారు. పట్టెడ ఉండి తాడు లేని కుక్కను కూడా బెల్టు ఉన్న కుక్కగా చెప్పుకోవడం ఈ వాడుక తెచ్చిపెట్టిన చిక్కు.

తెల్లవారుజామున జనం పలుచగా ఉన్నారని తాడు విప్పే యజమాని చెప్పే మాట ఒకటే, మా కుక్క ఎవరినీ ఏమీ అనదని. ఆ మాట నిజమే కావచ్చు, కానీ అది ఎదుటి కుక్క సంగతిని లెక్కలోకి తీసుకోదు. కుక్కలు తమకు తాముగా కలుసుకునేటప్పుడు ఎదురెదురుగా సూటిగా నడిచి రావు. కొంచెం వంపు తిరిగి, చూపు పక్కకు తిప్పి, ఒకదానికొకటి వెనుక వైపు వాసన చూసుకుని, నచ్చకపోతే తొలగిపోతాయి. తాడుకు కట్టి ఉన్న కుక్క మీదికి తాడు లేని కుక్క ఉరికినప్పుడు మొదటిదానికి వంపు తిరిగే చోటు గాని, తొలగిపోయే వీలు గాని ఉండదు. పారిపోలేని ప్రాణి తిరగబడుతుంది, దానికి తోడు యజమాని కంగారుతో తాడును బిగబట్టడం వల్ల దాని భయం రెట్టింపవుతుంది. ఆ తరువాత జరిగే కొట్లాటలో చూసేవారు మొదట మొరిగిన కుక్కను తప్పుపడతారు గాని, కారణం అది కాదు. ఆడుకోవడానికే వచ్చినా సరే, అడగకుండా దగ్గరికి రావడమే అక్కడ జరిగిన తప్పు.

తాడు విప్పే అర్హత కుక్కకు ఒకే పరీక్షతో వస్తుంది. పిల్లి కనిపించినా, బంతి దొర్లినా, మరో కుక్క పిలిచినా, యజమాని ఒక్క పిలుపుకు వెనక్కి తిరిగి రావాలి. శిక్షకులు దీనినే పిలుపు అలవాటు అంటారు. ఇది ఇంట్లో మొదలై, మేడమీదికి వెళ్లి, పొడవాటి తాడుతో మైదానంలోకి చేరి, నెలల తరబడి ప్రతిఫలంతో సాగవలసిన సాధన. వచ్చినప్పుడు ఆలస్యమైందని కొట్టే యజమాని, రాకూడదనే పాఠాన్ని తానే నేర్పుతున్నాడు. కూన మూడో వారం నుంచి పద్నాలుగో వారం దాకా చూసిన మనుషులు, విన్న చప్పుళ్లు దాని జీవితాంతపు ధైర్యానికి పునాది కాబట్టి, ఆటోల రొద, గొడుగులు, బురఖాలు, చక్రాల కుర్చీలు అన్నీ ఆ రోజుల్లోనే దానికి మెల్లగా పరిచయం కావాలి.

మూసారాంబాగ్ వంతెన దాటితే వచ్చే అంబర్‌పేటలో 2023 ఫిబ్రవరిలో వీధికుక్కల దాడికి నాలుగేళ్ల బాలుడు బలైన తరువాత, ఈ చుట్టుపక్కల తల్లిదండ్రుల చూపులో వీధికుక్కకూ పెంపుడు కుక్కకూ తేడా చెరిగిపోయింది. ఆ భయాన్ని అజ్ఞానమని కొట్టిపారేయడం అన్యాయం. పైగా వీధికుక్కల గుంపు ప్రతిదీ తన సందును తన రాజ్యంగా కాచుకుంటుంది. తాడు లేని పెంపుడు కుక్క ఆ హద్దులు తెలియక దూరినప్పుడు గుంపు రెచ్చిపోతుంది, ఆ దారిన స్కూలుకు వెళ్లే పిల్లలు నడుమ చిక్కుకుంటారు. వీధికుక్కలకు తిండి పెట్టే చోటు పిల్లల ఆటస్థలాలకు, మెట్లకు, గేట్లకు దూరంగా ఉండాలనీ, పిల్లలు, వృద్ధులు తిరగని వేళల్లో పెట్టాలనీ 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. పెంపుడు కుక్కను నడిపించేవారు ఆ చోట్లు, ఆ వేళలు తెలుసుకుని తమ దారి మార్చుకోవడం మంచిది.

నన్నయ ఆదిపర్వం తొలి ఘట్టాల్లోనే ఇటువంటి తగవు ఒకటి ఉంది. జనమేజయుడి యజ్ఞవాటికలోకి ఆడుకుంటూ వచ్చిన కూనను అతని తమ్ముళ్లు కొడితే, తల్లి సరమ వచ్చి, తగినదేదో తగనిదేదో ఆలోచించకుండా బలహీనులకు కీడు చేసేవారికి అనుకోని భయాలు వస్తాయని హెచ్చరిస్తుంది. కూన తప్పు చేయలేదన్నది నిజం. కూనను జనం గుమిగూడిన చోటికి పోనివ్వకుండా చూడవలసినవారు ఒకరు ఉండాలన్నదీ అంతే నిజం.

మలం సంగతి కూడా ఇక్కడ చిన్నది కాదు. కుక్క మలంలోని కొంకిపురుగుల గుడ్లు తడిమట్టిలో పొదిగి, వాటి పిల్లలు మనిషి అరికాలి చర్మంలోకి దూరగలవు; దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికో, కర్మన్‌ఘాట్ ఆంజనేయుడి గుడికో చెప్పులు విడిచి నడిచే భక్తులున్న చోట, ఒక పాత పేపరూ ఒక సంచీ జేబులో లేకుండా కుక్కను బయటికి తీయడం క్షమించదగినది కాదు. నులిపురుగుల మందు వేళకు వేయించడం దీనికి మొదటి మెట్టు.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా పన్ను తగలవచ్చు. అప్పుడు గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగించాలి; కుక్కకు టీకా వేయించి ఉన్నా సరే, గాయపడినవారిని అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లాలి, ఎందుకంటే రేబిస్ లక్షణాలు కనిపించాక దాదాపు ఎవరూ బతకరు. కుక్కను 10 రోజులు ఇంట్లోనే కట్టి ఉంచి, అది ఆరోగ్యంగా ఉందో లేదో రోజూ గాయపడినవారి కుటుంబానికి కబురు చెప్పాలి. కుక్కను సాకే ప్రతివారూ ఈ వారం దాని టీకా కార్డు తీసి తేదీ చూసుకోవాలి. గడువు దాటి ఉంటే, నడకకు వెళ్లే ముందే పశువైద్యుడి దగ్గరికి వెళ్లాలి.