మరణశాసన దానము

విశాఖపట్టణమునకు 1846లో ఫ్రాన్సిస్ ద సేల్స్ సభవారగు కతోలిక గురువులు వచ్చిరి. 1847 నాటి వారి సెయింట్ అలోషియస్ పాఠశాల నేటికిని నడచుచున్నది. ఇట్టి ధర్మసంస్థకు ఆస్తి వ్రాసిపోదలచిన క్రైస్తవునకు 1925 నాటి వారసత్వ చట్టములోని 118వ సెక్షను అడ్డు నిలిచెను. తోబుట్టువుల బిడ్డలు గాని, అంతకంటె దగ్గరివారు గాని ఉన్నచో, మరణమునకు పండ్రెండు మాసములు ముందే మరణశాసనము వ్రాసి, ఆరు మాసములలో దాఖలు చేయవలెను. లేనిచో దానము చెల్లదు. పొరుగింటి హిందువునకీ నిర్బంధము లేదు. తన చావు తేదీ యెరిగి వ్రాయువాడెవడు? కేరళ గురువొకరు వ్యాజ్యము వేయగా, సమానత్వమునకు విరుద్ధమని 2003లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. మాకు సంతోషమే. కాని మంచము పట్టినవానికి పుణ్యము నూరిపోసి వ్రేలిముద్ర వేయించుకొందురను భయము వట్టిది కాదు. కావున దాత ఆరోగ్యముగా నున్నప్పుడే వ్రాసి, ఇంటివారికి చెప్పవలెను; పుచ్చుకొన్నవారు ఏటేట లెక్కలు ప్రకటింపవలెను. వడ్డీ యే పిల్లల చదువునకు పోయినదో చెప్పని నిధికి మేము రూపాయియైనను వ్రాయము.