పద్యానికి కాపలా పదిహేడు

ఈ వారం నరసరావుపేటలో పిల్లల పద్యాల పోటీకి వెళ్లాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె పావులూరి మల్లన రాసిన చంపకమాల ఎత్తుకుంది. చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, ఆపైన ప్రతి గడికీ రెట్టింపు. 64 గడులూ నిండేసరికి ఎన్ని గింజలు? ఆ జవాబే పద్యం. అందులో అంకెలకు బదులు మాటలుంటాయి: బాణమంటే 5, చంద్రుడంటే 1, ఆకాశమంటే 0. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చుకుంటూ పోతే 18446744073709551615.

ఆ అమ్మాయి మొదటి రెండు మాటలూ తారుమారు చేసింది. ఎవరూ పట్టించుకోలేదు. చప్పట్లు కొట్టారు, సర్టిఫికెట్ ఇచ్చారు.

బట్టీ మీద నాకున్న కోపం ఈ కాలమ్ చదివేవారికి కొత్త కాదు. ఎక్కాల గురించి రాసినప్పుడు గురజాల మాస్టారొకరు నాతో పెద్ద వాదమే పెట్టుకున్నారు. ఈసారీ అదే రాద్దామని ఇంటికొచ్చి, ఆ సంఖ్యను కాగితం మీద వేసుకుని కూర్చున్నాను.

64 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య అది. రెండు సంఖ్యల వర్గాల భేదం కావాలంటే వాటి మొత్తాన్ని వాటి భేదంతో గుణిస్తే చాలునని ఎనిమిదో తరగతిలోనే చెబుతారు. ఆ ఒక్క సూత్రాన్నే మళ్లీ మళ్లీ వాడితే ఇంత సంఖ్యా విడిపోతుంది: 3, 5, 17, 257, 65537, 4294967297. ఈ ఆరింటి లబ్ధమే అది. ఆఖరుదాన్ని ప్రధాన సంఖ్యే అనుకున్నాడు ఫెర్మా. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417గా విడగొట్టాడు. క్యాలిక్యులేటర్ లేని రోజుల్లో ఆ 641ని పట్టుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నాకు మరీ నచ్చింది 17. మన సంఖ్యలో ఏ ఒక్క అంకె మారినా, పక్కపక్కనున్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా, వచ్చేది 17తో నిశ్శేషంగా భాగింపబడదు. అంకెలు తారుమారైతే వచ్చే తేడా 9 రెట్లు ఆ అంకెల భేదం, దాని వెనక సున్నాలు. అందులో 17కు చోటెక్కడిది?

పద్యం కూడా తన కాపలా తాను పెట్టుకుంది. ఆ మొదటి రెండు మాటలూ రెండేసి లఘువులే కనుక తారుమారైనా నడక చెడదు. యతీ నిలుస్తుంది. ప్రాస మాత్రం చెడుతుంది. ప్రాస తెలిసిన చెవి అక్కడ ఆగిపోవాలి. ఇరవై అంకెలు నోటికి రావడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనబడలేదు. ఈ ఒక్క పద్యం విషయంలో గురజాల మాస్టారే నెగ్గారు.

మాచర్ల నుంచి నరసరావుపేట దాకా లెక్కల మాస్టార్లకూ తెలుగు పంతుళ్లకూ ఒక మనవి. పిల్లల చేత ఈ పద్యం కంఠస్థం చేయించండి. అంకెలు వేయించి, అక్కడే 17తో భాగించమనండి. భాగఫలం 1085102592571150095 రావాలి. శేషం సున్నా.