ట్యాంకు మీద పేరు

కర్నూలులోనో కడపలోనో ఒక సైనికుడి గుర్తుగా బుల్లెట్ బండి తయారు చేయించాలని మెకానిక్ దగ్గరికి వెళ్ళేవాళ్ళకు మొదట తోచే రంగు ఆలివ్ గ్రీన్. మొదట కుదరనిదీ అదే. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది ఆ రంగును రక్షణ శాఖ బళ్ళకే వదిలింది. పెద్ద కంపెనీ అయినా తల వంచాల్సిందే. 2018లో రాయల్ ఎన్‌ఫీల్డ్ 'పెగాసస్' పేరుతో ప్రపంచం మొత్తానికీ కలిపి వెయ్యి బళ్ళు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికుల కోసం పారాచూట్లతో కిందికి దించిన 'ఫ్లయింగ్ ఫ్లీ' అనే చిన్న 125 సీసీ బండికి అది నివాళి. ప్రతి ట్యాంకు మీదా ఒక వరుస సంఖ్య వేశారు. మన దేశానికి కేటాయించిన 250 బళ్ళూ గోధుమ రంగువే. ఆకుపచ్చవి బయటి దేశాలకు పోయాయి.

అసలు బుల్లెట్‌కూ మన సైన్యానికీ ఉన్న చుట్టరికం రంగు కంటే పాతది. 1950ల మొదటి సగంలో సరిహద్దు గస్తీ కోసం ప్రభుత్వం 800 బుల్లెట్లు కావాలంది. ఆ గిరాకీ వెనకాలే 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పుట్టింది. కుడికాలితో గేరు వేసే ఆ పాత బండిని పెళ్ళికొడుకూ పాలవాడూ కూడా నడిపారు గానీ, దాన్ని ఈ దేశంలో పాతుకునేలా చేసింది మాత్రం జవాను.

ఇక బండిని కోసి, సాగదీసి, గుర్తుపట్టకుండా మార్చేస్తామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. తయారీదారు ఇచ్చిన కొలతలకు విరుద్ధంగా మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. రంగు మారిస్తే ఆర్‌సీలో రాయించుకోవాలి. మూడు సింహాల చిహ్నం జోలికి పోకూడదు, దానికి 2005 నుంచి వేరే చట్టమే ఉంది. ఇవన్నీ పోగా పనివాడి చేతిలో మిగిలేది ట్యాంకు, మడ్‌గార్డులు, సీటు, పక్క పెట్టెలు. నన్నడిగితే అది చాలు. చేయి కట్టేసినప్పుడే పనితనం బయటపడుతుంది.

రంగుగా ఇసుక వన్నె ఎంచుకుంటే మన ఎండకూ దుమ్ముకూ సరిపోతుంది. నల్ల ట్యాంకు మే నెల మధ్యాహ్నం పెనంలా కాలుతుంది. పాత రంగు ఊడదీశాక సొట్టలు తీయాలి. పుట్టీ ఎంత పలచగా పెడితే అంత మేలు. ఒంటి సిలిండర్ అదురుకూ ఎండకూ మందపాటి పుట్టీ పగులుతుంది, పైన రంగు ఎంత ఖరీదైనదైనా సరే. ప్రైమర్ కొట్టి, వాటర్ పేపర్‌తో నీళ్ళు పోస్తూ రుద్ది, అరచేతితో తడిమి చూడాలి. కంటికి అందని ఎగుడుదిగుళ్ళు అరచేతికి దొరుకుతాయి. రంగు కొట్టేది తెల్లవారుజామునే. పొద్దెక్కితే గాలి లేస్తుంది, దుమ్ము వచ్చి తడిరంగు మీద కూర్చుంటుంది. పైగా నలభై డిగ్రీల ఎండలో గన్ను నుంచి వెలువడిన తుంపర రేకును చేరకముందే ఆరిపోయి గరుకు తేలుతుంది. అందుకే నిదానంగా ఆరే థిన్నరు వాడతారు.

తర్వాతది అక్షరాల పని. అసలు చిక్కు ఇక్కడుంది. సైన్యం పెట్టెల మీద కనిపించే స్టెన్సిల్ రాత ఇంగ్లీషు అక్షరాలకు కుదిరినట్టు తెలుగుకు కుదరదు. మన లిపి గుండ్రటిది. రేకులో 'ర' కోస్తే లోపలి గుండు ఊడి కిందపడుతుంది, సున్నా సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రతి గుండుకూ ఒక సన్నని వంతెన వదలాలి, వదిలితే అక్షరం రూపం చెడుతుంది. కాబట్టి సైన్‌బోర్డులు రాసే చేతి కుంచెనే వెతుక్కోవాలి. ఫ్లెక్సీలు వచ్చాక ఆ చేతులు తగ్గిపోయాయి. ఉన్నవాళ్ళను పట్టుకుంటే ఇంకో జాగ్రత్త ఉంది: వాళ్ళు వాడే ఎనామిల్ మీద క్లియర్ కోట్ నేరుగా కొడితే రాత ముడతలు పడే ప్రమాదముంది. ముందు పాత రేకు ముక్క మీద చూసుకోవాలి, లేదా క్లియర్ ఆరాకే పైన రాయించాలి.

ఏం రాయించాలి? దీనికి జవాబు ఈ నేల మీదే ఉంది. దొరికిన తెలుగు శాసనాల్లో మొదటిదిగా చెప్పే కలమళ్ళ శాసనం, క్రీ.శ. 575 నాటిది, కడప జిల్లాలోదే. రాయలసీమ పొలిమేరల్లో నిలిచిన వీరగల్లులూ రాతను నమ్ముకున్నవే. ఆవుల మందను తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడో, రాజు వెంట యుద్ధానికి వెళ్ళి పడినవాడో ఆ బండల మీద కత్తి పట్టి నిలబడి ఉంటాడు. శాసనమున్నవాటిలో పొగడ్త కంటే వివరం ఎక్కువ: పేరు, ఎవరి పక్షాన పోరాడాడు, ఎక్కడ పడ్డాడు. కొన్నిటిలో ఇంటివాళ్ళకిచ్చిన భూమి లెక్క కూడా ఉంటుంది. రాయిని చెరిపినవాడికి కాశీలో గోవును చంపిన పాపం తగులుతుందని శాపంతో ముగిసేవీ ఉన్నాయి.

ఆ కళ్ళతో చూస్తే ఇప్పటి చాలా నివాళి బళ్ళు వెలవెలబోతాయి. మచ్చల స్టిక్కరు, తుపాకీ బొమ్మ, 'ఆర్మీ' అనే అరుపు. ఎవరి కోసమో తెలియదు. 2025 మే నెలలో సరిహద్దులో ప్రాణమిచ్చిన అగ్నివీర్ మురళీ నాయక్‌ది గోరంట్ల మండలం కల్లితండా. అలాంటి బిడ్డ కోసం చేసే బండి మీద ఆ తండా పేరు లేకపోతే మిగతా అలంకారమంతా ఎందుకు? ఇంటివాళ్ళ ఒప్పుదలతో పేరు, ఊరు, రెజిమెంటు, తేదీ. నాలుగు వరుసలు.

వస్తువే సాక్ష్యమైతే మాట వేరు. 2016లో బజాజ్ 'వీ' అనే బండిని పాత యుద్ధనౌక ఐఎన్‌ఎస్ విక్రాంత్ తుక్కు లోహం కలిపి చేశామని అమ్మింది. 1971లో ఆ నౌకను వేటాడ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దగ్గరే మునిగింది. ప్రకటన కోసం వాడుకున్నారని గొణిగినవాళ్ళున్నారు, అది నిజమే కావచ్చు. అయినా ఆ ఇనుముకొక ఊరూ పేరూ ఉన్నాయి. ఇంట్లో జవాను వాడిన కిట్‌బ్యాగు గుడ్డ ఉంటే దాన్ని సీటు కింద కుట్టించడం కూడా ఆ కోవలోదే.

బండి ఏదో ఒకరోజు చేతులు మారుతుంది. అప్పుడు కొత్త ట్యాంకు ఒకటి కొని బిగించి ఇవ్వండి. ఛాసిస్ నంబరూ ఇంజను నంబరూ దాని మీద ఉండవు, కాగితాలకు ఇబ్బంది లేదు. పాతది ఇంట్లోనే, గోడ వారన.