కూరగాయల కుప్పను తూచిన లెక్క

కెన్యాలోని రిఫ్ట్ లోయలో, నైవాషా సరస్సు చుట్టూ ప్లాస్టిక్ పైకప్పుల కింద గులాబీలు పండిస్తారు. కోసిన పూలు విమానాల్లో యూరప్ చేరతాయి. వాటిని కోసి, పొడవు చూసి వేరుచేసి, కట్టలు కట్టే కూలీకి నెలకు ఎంత ఇస్తే ఇల్లు గౌరవంగా గడుస్తుంది? దీనికి జవాబు వెతుకుతూ రిచర్డ్ ఆంకర్, మార్తా ఆంకర్ దంపతులు 2014లో వెలువరించిన అధ్యయనం ఎంతో ఓపికతో చేసిన పని. రిచర్డ్ అంతర్జాతీయ కార్మిక సంస్థలో ఆర్థికవేత్తగా, మార్తా ప్రపంచ ఆరోగ్య సంస్థలో గణాంక నిపుణురాలిగా పనిచేశారు. తమ పద్ధతినంతా 2017లో ఒక కరదీపికగా ప్రచురించారు.

పని వంటింటి నుంచి మొదలవుతుంది. ఉగాలి అనే మొక్కజొన్న ముద్ద, ఆకుకూర, చిక్కుడు గింజలు, పాలు... అక్కడివాళ్లు తినే తిండితోనే పోషకాహార ప్రమాణాలకు సరిపడే జాబితా ఒకటి తయారుచేస్తారు. ఆ జాబితా పట్టుకుని కూలీలు కొనే బజారుకే వెళ్తారు. అక్కడ టమాటాలు కుప్పల్లెక్కన, ఆకుకూర కట్టల్లెక్కన, మొక్కజొన్న గొరొగొరొ అనే రేకు డబ్బా కొలతన అమ్ముతారు. కుప్ప ధర అడిగి రాసుకుంటే సరిపోదు, ఒక్కో అంగట్లో కుప్ప ఒక్కోలా ఉంటుంది. అందుకే త్రాసు వెంట తీసుకెళ్లి, కుప్పను తూచి, కిలో ధర కడతారు. అరటిపండు తొక్కకూ డబ్బు ఇస్తాం గానీ దాన్ని తినం కదా! అందుకని తినగలిగే భాగమెంతో విడిగా లెక్కేస్తారు. ఉప్పుకు, మసాలాకు, పాడైపోయే సరుకుకు కొంత కలుపుతారు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నిక్కచ్చితనమే.

తర్వాత ఇల్లు. వాన కారని కప్పు, గాలీ వెలుతురూ, మరుగుదొడ్డి, అందుబాటులో నీళ్లు ఉన్న ఇంటికి అద్దె ఎంతో కూలీలుండే పేటల్లోకి వెళ్లి, గదులు చూసి తెలుసుకుంటారు. బట్టలు, ప్రయాణం వంటి మిగతా ఖర్చులకు ప్రభుత్వ గృహ వ్యయ సర్వేలే ఆధారం. వాటిలోంచి పొగాకు ఖర్చు తీసేస్తారు. వైద్యానికి, చదువుకు లెక్కలో పడిన మొత్తం నిజంగా చాలుతుందో లేదో మళ్లీ సరిచూస్తారు. అనుకోని ఖర్చులకు కాస్త చేరుస్తారు. ఇంట్లో సగటున ఎందరు సంపాదిస్తారో చూసి, ఆ సంఖ్యతో మొత్తాన్ని భాగించి, జీతంలో తప్పనిసరి కోతలు కలిపితే జీవన వేతనం తేలుతుంది. ఇది ఓవర్‌టైమ్ లేకుండా మామూలు పనిగంటల్లోనే రావాలన్నది షరతు. తోట యజమాని ఇచ్చే వసతిని, భోజనాన్ని కూడా వేతనంలో లెక్కిస్తారు, అయితే దానికి ఒక హద్దు పెడతారు.

సొంత చెక్కలో తేయాకు పండించే చిన్న రైతుకు జీతం ఉండదు. అతని విషయంలో తిండి, ఇల్లు, మిగతా అవసరాలు కలిసిన ఈ ఖర్చుల బుట్టే జీవన ఆదాయమవుతుంది. ఆకు అమ్మగా వచ్చిన డబ్బులోంచి ఎరువు, కూలి ఖర్చులు పోను మిగిలింది, ఇంటికి వచ్చే ఇతర రాబడితో కలిసి ఆ బుట్టకు సరిపోతుందా అన్నదే అక్కడ ప్రశ్న.

కెన్యాలో వ్యవసాయ కూలీల కనీస వేతనాన్ని ప్రభుత్వం విడిగా నిర్ణయిస్తుంది. తోటల్లో కార్మిక సంఘం యజమానుల సంఘంతో బేరమాడి ఒప్పందాలు చేసుకుంటుంది. అలాంటి బేరం సాధారణంగా నిరుటి జీతం మీద ఎంత శాతం పెంచాలన్న దగ్గరే తిరుగుతుంది. నిరుటి జీతమే చాలనప్పుడు, దాని మీద శాతాలు పెంచుకుంటూ పోతే ఇల్లు గడవడానికి ఎన్నేళ్లు పట్టాలి? ఆంకర్ దంపతుల లెక్క ఆ బేరాన్ని పిల్లల పాల ఖర్చు దగ్గర, అద్దె దగ్గర మొదలుపెట్టమంటుంది. ఒప్పుకోనివారు ఏ పద్దు ఎక్కువైందో వేలు పెట్టి చూపించాలి. ధరలు మారితే లెక్కను తిరగరాయాల్సిందే, జీతం పెంచే అధికారమూ దానికి లేదు. అయినా కూలి చాలడం లేదన్న మాటకు పద్దుల వారీగా రుజువు చూపించే వీలు కల్పించింది. కూలీల పక్షాన పండితులు చేయగలిగిన పనుల్లో ఇది గొప్పదని నేను నమ్ముతాను.