గాలిలో చూపించిన ఊరు

ఓపెన్ కాస్ట్ గని అంచున నిలబడితే కన్ను ముందు కిందికే పోతుంది. మెట్లు మెట్లుగా దిగిన నేల, ఆ మెట్ల మీద పాకే డంపర్లు, అన్నిటికీ అడుగున నిగనిగలాడే నల్లటి పొర. నేనూ ఏళ్ల తరబడి ఆకాశాన్ని కోసేసి, ఫ్రేము నిండా ఆ మెట్లే నింపి ఫొటోలు తీశాను. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చేది. కానీ లోతు తెలిసేది కాదు. నూరు టన్నుల డంపర్ చక్రం మనిషి కన్నా ఎత్తుంటుంది. ఫొటోలో అది మినపగింజంత. పక్కన మనిషి కనబడకపోతే ఆ గొయ్యి దోసెడంతో, ఊరంతో చెప్పడం కష్టం.

ఇటువైపు నన్ను లాగింది కెనడా ఫొటోగ్రాఫర్ ఎడ్వర్డ్ బర్టిన్‌స్కీ. ఒంటారియోలో సడ్‌బరీ దగ్గర, నికెల్ వ్యర్థాల మధ్య పారే ఎర్రటి పాయను 1996లో తీశాడాయన. నల్లటి నేల మీద ఆ నీళ్లు కొలిమిలోంచి పోసినట్టుంటాయి. చూస్తూ చూస్తూ ఉండగా, అది ఇనుము తుప్పు కలిసిన రంగని తెలిసి గుండె కలుక్కుమంటుంది. అందంతో దగ్గరికి పిలిచి తర్వాత సంగతి చెప్పే ఆ పద్ధతంటే నాకు ఇప్పటికీ గౌరవమే. జర్మనీకి చెందిన బెర్ండ్, హిల్లా బెచర్ దంపతులది వేరే తోవ. నీళ్ల ట్యాంకులు, బ్లాస్ట్ ఫర్నేసులు, గనుల మీది చక్రాల గోపురాలు, దేన్నయినా మబ్బు పట్టిన రోజు చూసి, నీడ పడకుండా, నేరుగా ఎదురు నిలిచి తీసేవారు. ముసురులో కెమెరా బయటికి తీసే అలవాటు నాకు వాళ్ల వల్లే వచ్చింది. మండుటెండలో బొగ్గంతా ఒకటే మచ్చ. మబ్బు కింద పొర పొరా విడిగా కనబడుతుంది.

అలాంటి ముసురు రోజే, గోదావరి పక్క బొగ్గు ఊళ్లలో ఒకచోట, గని అంచున ఓ పెద్దాయన కలిశాడు. తలకు తువ్వాలు, చేతిలో మేకల కర్ర. ‘తాతా, మీ ఊరెక్కడ?’ అన్నాను. కర్రెత్తి చూపించాడు. వెనక్కి కాదు, కిందికీ కాదు. తన కంటికి సూటిగా, గొయ్యి మీది ఖాళీలోకి.

‘అగో, గాడనే. ఇల్లు, ఇంటెనుక బాయి, బాయి పొంటి చింతచెట్టు.’

తెలంగాణలో నీళ్ల బావీ బాయే, బొగ్గు గనీ బాయే. ఇల్లందు దగ్గర 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు జాడ పట్టాక ఈ సీమలో తరతరాలు బాయిపనే చేశాయి. ఆ బాయి భూమి లోపల ఉండేది, పైన చెట్టూ చేనూ ఉండేవి. ఓపెన్ కాస్ట్‌లో ముందు పైనున్నదంతా తియ్యాలి, తీసిన మట్టిని ఎక్కడో పొయ్యాలి. ఓబీ (ఓవర్‌బర్డెన్) గుట్టలు అలా పుట్టినవే. తొలకరికి వాటి ఒళ్లంతా గండ్లు పడి పక్కటెముకలు తేలినట్టుంటాయి. తాత కర్ర చూపింది ఆ తీసేసిన నేల మట్టానికి. నేనక్కడ ఇరవై ఫ్రేములు తీసి ఉంటాను, ఒక్కదాంట్లోనూ ఆ మట్టం లేదు.

కెమెరా పైకెత్తాను. అవతలి ఒడ్డున పాత నేల మీద ఇంకా నిలబడిన తాటిచెట్లు, ఇవతల తాత, మధ్యలో ఏమీ లేదు. తాటిచెట్ల మొదళ్ల నుంచి తాత పాదాల దాకా ఒక గీత గీస్తే అదే ఊరి నేల. అప్పటి నుంచి నా ప్రతి ఫొటోలో ఆ గీత ఉండాల్సిందే. మెట్ల సొగసు సగం పోతుంది, పోనీ.

తర్వాతి నెల ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. ఆయన బొగ్గు వైపు చూడనేలేదు. ఆకాశంలో ఒకచోట బొటనవేలు పెట్టి కోడల్ని పిలిచాడు.

‘ఇగో పిల్లా, మన బాయి ఈడ.’