రెండు టెలిగ్రాములు, ఒక మూసిన తలుపు

కేట్ షోపాన్ 1894లో రాసిన ‘ద స్టోరీ ఆఫ్ యాన్ అవర్’ ఇంగ్లీషులో ఇంచుమించు వెయ్యి పదాల కథ. ఆ ఏడాది డిసెంబరులో వోగ్ పత్రికలో వేరే పేరుతో, ‘ద డ్రీమ్ ఆఫ్ యాన్ అవర్’గా, మొదట అచ్చయింది. చాలామంది దీన్ని చివరి వాక్యంలోని వ్యంగ్యం కోసం గుర్తుపెట్టుకుంటారు. నాకైతే ఆ వ్యంగ్యం రెండో పేరాలోనే మొదలైందనిపిస్తుంది.

కథ తెలియనివాళ్ళ కోసం: లూయీజ్ మాలర్డ్‌కి గుండె జబ్బు. భర్త బ్రెంట్లీ రైలు ప్రమాదంలో పోయాడని తోబుట్టువు జోసెఫీన్ నెమ్మదిగా, తడబడుతూ చెబుతుంది. లూయీజ్ భోరుమని ఏడ్చి, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంటుంది. కిటికీ బయట చిగురేసిన చెట్లు, వాన వాసన. అక్కడ, తను ఆపాలని చూసినా ఆగకుండా, ఇక నేను స్వేచ్ఛగా ఉన్నానన్న భావం ఆమెని కమ్ముకుంటుంది. కాసేపటికి ఆమె మెట్లు దిగుతుంటే బ్రెంట్లీ తలుపు తెరుచుకుని లోపలికొస్తాడు. ప్రమాదం జరిగిన చోటికి అతను దరిదాపుల్లో కూడా లేడు. లూయీజ్ అక్కడికక్కడే పోతుంది. సంతోషం పట్టలేక గుండె ఆగిందని డాక్టర్లు తేలుస్తారు.

వార్త తెచ్చిన రిచర్డ్స్ బ్రెంట్లీ స్నేహితుడు. మృతుల జాబితాలో పేరు చూశాక కూడా రెండో టెలిగ్రాము వచ్చేదాకా ఆగి, నిర్ధారించుకునే ఇంటికొస్తాడు. సాఫ్ట్‌వేర్ పని చేసేవాణ్ణి కాబట్టి కాబోలు, నా కన్ను అక్కడ ఆగిపోయింది. తప్పు సమాచారం రెండుసార్లు వచ్చినంత మాత్రాన ఒప్పైపోదు, సరే. అసలు తమాషా అది కాదు. భర్త చావుని రెండుసార్లు సరిచూసుకున్నవాళ్ళు, భార్య దుఃఖం ఎలాంటిదో ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు. అది చూడక్కర్లేని విషయం అనుకున్నారు. భర్త పోతే భార్యకి ఏమవుతుందో అందరికీ తెలుసు కదా!

తెలుగులో మనకి గుండె వేరు, మనసు వేరు. ఇంగ్లీషులో రెంటికీ ఒకే మాట సరిపోతుంది. షోపాన్ ఆ వెసులుబాటుని మొదటి వాక్యం నుంచే వాడుకుంది. ఇంట్లో అందరూ ఆమె గుండెని జాగ్రత్తగా కాపాడుతుంటారు, మనసు జోలికి మాత్రం ఎవరూ పోరు. పేరు సంగతీ అంతే. కథ సగం దాటేదాకా ఆమె ‘మిసెస్ మాలర్డ్’ మాత్రమే. ‘లూయీజ్’ అన్న పిలుపు మనకి మొదటిసారి వినపడేది, ఆమె తనకంటూ ఒక బతుకుని ఊహించుకున్నాక, మూసిన తలుపు అవతల్నుంచి.

బ్రెంట్లీ చెడ్డవాడైతే ఈ కథ చాలా తేలికైపోయేది. మన కథల్లో భార్య స్వేచ్ఛ కోరుకోవాలంటే భర్త తాగాలి, కొట్టాలి, లేదా ఇంకొకరి వెంట తిరగాలి. ఇతను ఆమెని ప్రేమగా తప్ప ఇంకోలా చూడలేదు. ఆమె కూడా అతన్ని అప్పుడప్పుడూ ప్రేమించింది. శవాన్ని చూస్తే మళ్ళీ ఏడుస్తానని ఆమెకి తెలుసు. ఆ ఏడుపూ అబద్ధం కాదు, ఈ ఊరటా అబద్ధం కాదు. లూయీజ్‌ని స్వార్థపరురాలిగా చదివే విమర్శకులున్నారు గానీ, ఈ రెండో సగాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే తప్ప ఆ మాట నిలబడదు.

ఇక్కడ గురజాడ ‘దిద్దుబాటు’ (1910) గుర్తొస్తుంది. అందులోనూ ఒక తప్పుడు వార్తే కథని నడిపిస్తుంది. పుట్టింటికి పోతున్నానని ఉత్తరం రాసిపెట్టి, కమలిని మంచం కింద దాక్కుంటుంది. గోపాలరావు లోపలి మాట బయటపడుతుంది, ఆమె వింటుంది, నవ్వు వినిపిస్తుంది. దాగిన మనిషి దొరికింది కాబట్టి ఆ పెళ్ళికి దిద్దుబాటు సాధ్యమైంది. షోపాన్ కథలో తప్పుడు వార్త భార్య మనసుని బయటపెడుతుంది, కానీ వినడానికి భర్త ఆ ఇంట్లో లేడు. తలుపు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని బతిమాలుతున్న జోసెఫీన్‌కి కూడా ఏమీ వినపడదు. విన్నది మనం ఒక్కళ్ళమే.

అందుకే చివర్లో డాక్టర్ల మాట చదివి ‘ఎంత పొరపడ్డారో’ అని నవ్వుకోలేకపోయాను. ఒక రకంగా వాళ్ళు చెప్పింది నిజమే, ఆమెని చంపింది సంతోషమే. కాకపోతే అది భర్త బతికొచ్చాడన్న సంతోషం కాదు, ఆ గదిలో దొరికి, మెట్ల మీద చేజారిన సంతోషం. కారణం సరిగ్గా చెప్పారు, కానీ ఏం చెప్పారో వాళ్ళకే తెలీదు. రేపు అంత్యక్రియల్లో మంచి ఇల్లాలని ఆమెని పొగుడుతారు. బ్రెంట్లీ ఆ మాటల్ని నమ్మి, అంత ప్రేమ తన మీదేననుకుని మిగతా జీవితమంతా బతుకుతాడు. షోపాన్ రాయకుండా వదిలేసిన ఆ రోజులు నన్ను ఆమె చావుకంటే ఎక్కువ బాధపెట్టాయి.